పోరస్ ఏనుగుకు పిన్నులు వేసిన రోజులు

అర అంగుళం పొడవు కూడా లేని ఇత్తడి తీగ ముక్కను రెండు లోహపు భాగాల మధ్య ఎలా దాచాలో నాకు నాటింగ్‌హామ్‌లో ఒక పెద్దాయన నేర్పారు. విజయవాడలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, 1998లో ఎమ్మెస్సీ చదవడానికి నేను ఆ ఊరు వెళ్లాను. చదువు కాగానే అక్కడే ఉద్యోగం దొరకడంతో 2004 దాకా ఉండిపోయాను. ఆ రోజుల్లో తరగతి గదిలో నేర్చుకున్న సమీకరణాలు చాలావరకు మరుగున పడ్డాయి గాని, చిన్న లోహపు బొమ్మల భాగాలకు పిన్ను వేసి అతికే పని మాత్రం నా చేతులను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. ఆ పని గురించి, దానిని నాకు నేర్పిన మనిషి గురించి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నాటింగ్‌హామ్ ఒకప్పుడు లేసు నేతకూ, రాలీ సైకిళ్లకూ పేరు పడిన ఊరు. నేను వెళ్లేనాటికి లేసు మిల్లులు అపార్ట్‌మెంట్లుగా మారిపోతున్నాయి; రాలీ కార్ఖానా స్థలంలో కొంత భాగం మీద 1999లో మా విశ్వవిద్యాలయం జూబిలీ క్యాంపస్ లేచింది. ఈ రెండింటితోపాటు ఆ ఊరికి మరో చేతిపని ఉంది. 1970ల చివరలో దగ్గరిలోని న్యూవార్క్‌లో సిటాడెల్ మినియేచర్స్ అనే సంస్థ చిన్న సైనికుల బొమ్మలను పోతపోయడం మొదలుపెట్టింది. ఆ తరవాత దానితో కలిసిపోయిన గేమ్స్ వర్క్‌షాప్ తన ప్రధాన కార్యాలయాన్ని నాటింగ్‌హామ్‌లోని లెంటన్‌లో పెట్టుకుంది. ఆ సంస్థల్లో ఆరితేరిన శిల్పులు, అచ్చులు తీసేవారు, పోతపనివారు బయటికి వచ్చి సొంతంగా చిన్న చిన్న కార్ఖానాలు పెట్టుకున్నారు. ఈ వ్యాపకం ఉన్నవాళ్లు ఆ ప్రాంతం మొత్తాన్ని ‘లెడ్ బెల్ట్’ అని ముద్దుగా పిలుచుకునేవారు, ఎందుకంటే ఆ బొమ్మలు చాలాకాలం సీసం కలిసిన లోహంతోనే తయారయ్యాయి. గేమ్స్ వర్క్‌షాప్ 1997లో సీసాన్ని పూర్తిగా మానేసి తగరం ప్రధానంగా ఉండే మిశ్రమానికి మారింది గాని, పాత సీసపు బొమ్మలు అందరి డబ్బాల్లోనూ దండిగా ఉండేవి.

నా గదిలో ఉండే ఇంగ్లండు కుర్రవాడు ఒకరోజు సాయంత్రం నన్ను బీస్టన్‌లోని ఒక చర్చి హాలుకు తీసుకువెళ్లాడు. అక్కడ పొడవాటి బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద కొండలు, పల్లెలు, వాగులు అమర్చి, పాత యుద్ధాలను చిన్న బొమ్మలతో మళ్లీ ఆడుకుంటున్నారు. ఒక్కొక్క మనిషి బొమ్మ 28 మిల్లీమీటర్ల కొలతలో, అంటే బొటనవేలి పొడవు కూడా లేకుండా ఉన్నా, మీసం కొన, తలపాగా మడత, బొత్తాము వరుస స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆట నియమాలు నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. హాలులో ఒక మూల దీపం కింద కూర్చుని, ఆటతో సంబంధం లేకుండా, అందరి విరిగిన బొమ్మలనూ ఒక్కొక్కటిగా బాగుచేస్తున్న పెద్దాయన మాత్రం మొదటి రోజే నా చూపును కట్టిపడేశారు. ఆయన రాలీ కార్ఖానా టూల్‌రూమ్‌లో జీవితమంతా పనిచేసి రిటైరయిన మనిషి. క్లబ్బులో అందరూ ఆయనను పేరు పెట్టే పిలిచేవారు; ఆ పిలుపు నాకు నోటికి రావడానికి కొంత కాలం పట్టింది. మా ఊళ్లో అయితే ఆ వయసు మనిషిని ‘బాబాయిగారూ’ అనకుండా ఉండలేం కదా.

ఈ బొమ్మలు అసలు ముక్కలుగా ఎందుకు వస్తాయో ఆయన నాకు ముందుగా చెప్పారు. శిల్పి చేసిన మూల బొమ్మను రెండు రబ్బరు బిళ్లల మధ్య పెట్టి, వేడి చేసి, గట్టిగా నొక్కితే అచ్చు తయారవుతుంది. ఆ అచ్చును గిరగిర తిప్పుతూ మధ్యలో కరిగిన లోహం పోస్తే, తిరిగే వేగానికి లోహం అంచుల దాకా పరుగెత్తి బొమ్మల గుంటలను నింపుతుంది. అచ్చు రెండు బిళ్లలుగా విడిపోవాలి కాబట్టి బొమ్మ కొంత పలచగా, చేతులు ఒకే తలంలో చాపినట్టుగా ఉంటేనే శుభ్రంగా బయటికి వస్తుంది. కత్తి పట్టిన చెయ్యి ఒకటి ముందుకు, డాలు పట్టిన చెయ్యి ఒకటి వెనక్కి ఉంటే, ఆ రెండో చెయ్యి అచ్చులో చిక్కుకుపోతుంది. అందుకని ఆ చేతిని విడిగా పోతపోసి పొట్లంలో వేసి ఇస్తారు. గుర్రం, రౌతు వేరు. ఏనుగైతే ఒళ్లు రెండు సగాలు, తల, చెవులు, దంతాలు, మావటివాడు అన్నీ వేరు. బొమ్మ భంగిమలో ఎంత ప్రాణం ఉంటే అన్ని ముక్కలుంటాయి. ముక్కలన్నిటినీ కలిపి నిలబెట్టే బాధ్యత కొనుక్కున్నవాడి మీద పడుతుంది.

దుకాణంలో బొమ్మ కొన్న ప్రతివాడూ మొదట చేసేది సూపర్ గ్లూ చుక్క వేసి అతికించడమే. ఆ జిగురు కథ కూడా చిత్రమైనదే. 1942లో హ్యారీ కూవర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త, తుపాకుల గురిచూపు పరికరాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ ఈ పదార్థాన్ని కనుగొని, ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పెట్టేశాడు. 1958లోగాని అది జిగురుగా బజారులోకి రాలేదు. రెండు ముక్కలను ఎదురెదురుగా పట్టుకుని లాగితే అది బ్రహ్మాండంగా పట్టి ఉంచుతుంది. కాని పక్కకు నెట్టినప్పుడు, ఒక అంచునుంచి ఒలిచినట్టు లాగినప్పుడు పటుక్కుమని విడిపోతుంది. పైగా ఎండిన తరవాత అది పెళుసు. కింద పడిన అదురు చాలు విడిపోవడానికి. లోహం నున్నగా ఉంటుంది, జిగురు ఇంకడానికి దానిలో రంధ్రాలు లేవు. అతుకు చోటు పెసరగింజంత ఉంటే, దాని మీద వేలాడే చెయ్యి, ఆ చేతిలోని ఈటె కలిసి అంగుళంన్నర పొడవున మీటవేసినట్టు లాగుతూ ఉంటాయి. మా క్లబ్బులో ఒకతని డ్రాగన్ రెక్కలు ప్రతి ఆటకూ ఊడిపోయేవి, ప్రతిసారీ మరింత జిగురు వేసేవాడు, పాత జిగురు పొర మీద కొత్త జిగురు మరీ తక్కువ కాలం నిలిచేది. పెద్దాయన ఒకనాడు ఆ రెక్కలను తీసుకుని, పాత జిగురంతా గీకేసి, ఒక్కొక్క రెక్కకు రెండేసి ఇత్తడి పిన్నులు వేసి ఇచ్చారు. నేను ఆ ఊరు వదిలిపెట్టేదాకా అవి ఊడలేదు.

పిన్ను వేయడం అంటే సూత్రం చాలా సరళమైనది. రెండు భాగాల్లోనూ ఎదురెదురుగా సన్నని రంధ్రం చేసి, రెండింటిలోకీ దిగేలా ఒక తీగ ముక్కను పెట్టి అతకాలి. పక్కకు నెట్టే బలాన్ని జిగురుకు బదులు లోహపు తీగ మోస్తుంది. మన వడ్రంగులు తలుపు చట్రం మూలల్లో వెదురు మేకు దిగగొట్టేది ఈ పనికే. అయితే చట్రానికి మేకు వేసేటప్పుడు చోటు కావలసినంత ఉంటుంది. ఇక్కడ మాత్రం సైనికుడి మణికట్టు రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే గొప్ప. అందులో రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా బయటికి పొడుచుకు వస్తుంది.

నేను పోరస్ ఏనుగును కొన్నది ఈ పని నేర్చుకోవాలనే. క్రీస్తుపూర్వం 326లో జీలం ఒడ్డున అలెగ్జాండరును ఎదిరించిన పోరస్, అంటే మన పురుషోత్తముడి సేన అక్కడి ఆటగాళ్లకు చాలా ఇష్టమైన సేన. ఏనుగుల పొట్లాలు తేలికగా దొరికేవి. పొట్లం విప్పితే బూడిద రంగు లోహపు ముక్కలు బల్ల మీద కుప్పగా పడ్డాయి. ఒళ్లు రెండు సగాలు, తొండంతో కలిసిన తల, రెండు చెవులు, రెండు దంతాలు, మావటి, వాడి వెనక కూర్చునే ఇద్దరు బల్లెపు వీరులు. అంబారీ ఏదని నేను అడిగాను. చిన్నప్పటినుంచీ బొమ్మల కొలువులో కొండపల్లి అంబారీ ఏనుగును చూసి పెరిగినవాడిని. పోరస్ కాలంలో వీరులు ఏనుగు వీపు మీద నేరుగా కూర్చునేవారనీ, అంబారీల వంటి బురుజులు ఆ తరవాతి కాలానివనీ చాలామంది చరిత్రకారుల అభిప్రాయమని పెద్దాయన చెప్పారు. ఆయన బడి చదువు చిన్న వయసులోనే ఆగిపోయిందట. అయినా ఏ సేన ఎప్పుడు ఏం తొడిగిందో, ఏం పట్టుకుందో ఆయన చదవని పుస్తకం ఆ ఊరి గ్రంథాలయంలో లేదనిపించేది.

మొదటి రెండు సాయంత్రాలు ఆయన నన్ను రంధ్రాలు చేసే చేతి బరమా ముట్టుకోనివ్వలేదు. అతుకు ముఖాలను సన్న ఆకురాయితో చదును చేయించారు. పోతపోసినప్పుడు అచ్చు అంచుల వెంట మిగిలే పలచని రేకును చాకుతో గీకించారు. తరవాత పాత పళ్ల బ్రష్షుతో, గిన్నెలు కడిగే సబ్బునీటితో ముక్కలన్నీ రుద్దించారు, ఎందుకంటే అచ్చులోంచి బొమ్మ సులువుగా విడిపోవడానికి చల్లే పొడి ఆనవాళ్లు లోహం మీద మిగిలితే జిగురు పట్టదు. పాత సీసపు బొమ్మలకు ఈ పని చేసినప్పుడు, చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఆయన నన్ను టీ కప్పు కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. సీసపు రజను విషయంలో మాత్రం ఆయన ఎవరినీ ఉపేక్షించేవారు కాదు.

ఆ చేతి బరమాను అక్కడ ‘పిన్ వైస్’ అంటారు. పెన్సిలంత లావు, దానికంటే పొట్టి. ఒక కొసన సన్నని డ్రిల్ బిట్‌ను బిగించే నాలుగు దవడలు, మరో కొసన అరచేతిలో ఆనించుకునే బిళ్ల. ఆ బిళ్ల కదలకుండా అరచేతిలో ఉంటుంది, కింది భాగం మాత్రం బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య తిరుగుతుంది. కరెంటు డ్రిల్లుతో చేస్తే క్షణంలో అయిపోతుంది కదా అని నేను అడిగినప్పుడు ఆయన ఏమీ అనకుండా, పనికిరాని ఒక సీసపు ముక్కను తెచ్చి కరెంటు డ్రిల్లుతో రంధ్రం చేసి చూపించారు. మెత్తని లోహం వేడెక్కి బిట్ గాడుల్లో అతుక్కుపోయింది, బిట్ పక్కకు జారి, ముక్కలోనే విరిగి ఉండిపోయింది. ఆ తరవాత ఆయన అదే ముక్కలో, విరిగిన బిట్ పక్కనే, చేత్తో నిదానంగా తిప్పుతూ శుభ్రమైన రంధ్రం చేశారు. ముందు సూదిమొనతో చిన్న గుంట పెట్టి, బిట్ కొనకు కొవ్వొత్తి మైనం రుద్ది, రెండు మూడు చుట్లు తిప్పి, వెనక్కి తీసి, గాడిలో చుట్టుకున్న వెండి రంగు చుట్టలను కుంచెతో దులిపి, మళ్లీ లోపలికి. లోహం ఎంత గట్టిగా ఉందో, బిట్ ఎక్కడ ఇరుక్కోబోతోందో వేళ్లకే తెలిసిపోతుంది. ఒడుపు అంతా ఆ వేళ్ల కొసల్లోనే ఉందని నాకు ఆ సాయంత్రం అర్థమైంది. ఆయన కొలతలన్నీ అంగుళాల్లోనే చెప్పేవారు. ‘ముప్ఫై రెండో వంతు బిట్’ అనేవారు, అంటే దాదాపు 0.8 మిల్లీమీటర్లు. ఏనుగు తలకూ ఒంటికీ ఒక మిల్లీమీటరు బిట్, దంతాలకూ మనుషుల మణికట్లకూ అర మిల్లీమీటరు బిట్ వాడించారు. రంధ్రం మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు వెళ్లాలి. ఎంత దిగిందో తెలియడానికి బిట్ మీద టేపు ముక్క చుట్టేవారు.

అసలు చిక్కు రెండో రంధ్రం దగ్గర మొదలవుతుంది. ఏనుగు మెడలో రంధ్రం ఎక్కడ ఉందో కనిపిస్తూనే ఉంది. కాని తల వెనక భాగంలో సరిగ్గా దానికి ఎదురుగా ఏ బిందువు వస్తుందో ఎలా తెలియాలి? కొలబద్ద పెట్టి కొలిస్తే లాభం లేదు, ఎందుకంటే ఆ రెండు ముఖాలూ చదునైనవి కావు, వంకర ముఖాలు. ఆయన మెడ రంధ్రంలో ఇత్తడి తీగను దూర్చి, అర మిల్లీమీటరు మాత్రమే బయటికి కనిపించేలా కత్తిరించి, ఆ కొన మీద ఎర్ర రంగు చుక్క పెట్టారు. తరవాత తలను రెండు చేతులతో పట్టుకుని, అది చివరికి ఎలా ఉండాలో సరిగ్గా అలాగే, ఒక్కసారే మెడకు తాకించి వెనక్కి తీశారు. బూడిద రంగు లోహం మీద, ఏనుగు తల వెనక, కుంకుమ బొట్టులా ఎర్రని చుక్క పడింది. బరమా కొన అక్కడే ఆనాలి. ఇంత చిన్న ఉపాయం, టూల్‌రూమ్‌లో యంత్రభాగాలకు జంట రంధ్రాలు వేయడానికి తాను కుర్రతనంలో నేర్చుకున్నదే అని ఆయన చెప్పారు. అక్కడ రంగుకు బదులు మొన తేలిన ఉక్కు ముక్కను వాడేవారట. ఇంజనీరింగ్ కాలేజీలో జిగ్గులు, ఫిక్స్చర్లు, అంటే భాగాన్ని కదలకుండా పట్టి పనిముట్టుకు దారి చూపే అమరికల పాఠం పరీక్షకోసం చదివి రాసినవాడిని. ఆ పాఠం దేనికి పుట్టిందో ఆ ఏనుగు తల వెనక ఎర్ర చుక్కను చూసినప్పుడు నాకు తెలిసింది.

తీగ విషయంలోనూ ఆయనకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. చాలామంది కాగితాలకు పెట్టే క్లిప్పును కత్తిరించి వాడతారు. అది ఉక్కు, కత్తిరించడం కష్టం, వంచితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది, తడి తగిలితే కొంత కాలానికి తుప్పు పట్టి పైన వేసిన రంగును కూడా తినేస్తుంది. ఇత్తడి అలా కాదు. అది తేలికగా తెగుతుంది, రంధ్రం కాస్త వంకర పోతే తీగను కూడా కాస్త వంచి సర్దుకోవచ్చు, తుప్పు భయం లేదు. తీగను రంధ్రంలో పెట్టేముందు కటింగ్ ప్లేయర్ పళ్లతో ఒకసారి మెల్లగా నొక్కి గరుకు చేసేవారు, ఆ గరుకులో జిగురుకు పట్టు దొరుకుతుంది. ఏనుగు తల వంటి బరువైన భాగానికి ఒక పిన్ను చాలదు. ఒకటే ఉంటే తల దాని చుట్టూ తిరిగిపోవచ్చు. అందుకని రెండు పిన్నులు వేయించారు, రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉంటేనే తల లోపలికి దిగుతుంది. ఆ రెండో పిన్ను కోసం పడిన శ్రమ నాకు ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా సంతోషమే కలుగుతుంది.

అతికే రోజున ఆయన జిగురు ఒక్కదాన్నే వాడలేదు. నీలం, పసుపు రంగుల రెండు పట్టీలుగా వచ్చే పుటీ ఒకటి ఉంటుంది; రెండింటినీ కలిపి పిసికితే ఆకుపచ్చగా మారుతుంది, కొన్ని గంటల్లో రబ్బరుతనం కలిసిన గట్టిదనం వస్తుంది. దానిని సన్నని తాడులా చేసి పిన్నుల చుట్టూ ఉంగరంగా పెట్టి, మధ్యలో సూపర్ గ్లూ చుక్క వేసి, తలను నొక్కారు. జిగురు అప్పటికప్పుడు పట్టుకుంటుంది, పుటీ నిదానంగా గట్టిపడి సందులను నింపుతుంది, లోపల ఇత్తడి బరువు మోస్తుంది. అంచుల్లో బయటికి వచ్చిన పుటీని ఆయన పారేయలేదు. తడి చేసిన ఉక్కు పరికరంతో దాని మీద ఏనుగు మెడ ముడతలను గీశారు. ఎండిన తరవాత చూస్తే అతుకు ఎక్కడ ఉందో వేలితో తడిమినా దొరకలేదు.

ఇంగ్లండు చలికాలంలో సూపర్ గ్లూ తొందరగా పట్టేది కాదు. ఆ జిగురు గాలిలోని తేమతో గట్టిపడుతుంది. హీటర్లు వేసిన గదుల్లో గాలి పొడిబారి ఉంటుంది కాబట్టి, ఆయన అతుకు మీద నోటితో ఒక్కసారి మెల్లగా ఊపిరి వదిలేవారు. విజయవాడకు తిరిగి వచ్చాక నాకు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన అనుభవం ఎదురైంది. మన ఉక్కపోతలో ఆ జిగురు చుక్క పెట్టి సరిచూసుకునేలోపలే బిగిసిపోతుంది, మూత తీసిన సీసా కొద్ది వారాల్లోనే రాయి అవుతుంది. ఇక్కడ ఆలస్యంగా గట్టిపడే ఆరల్డైట్ వంటి రెండు గొట్టాల జిగురే నాకు నమ్మకం.

ఆ క్లబ్బులో అందరూ గౌరవంతో తలచుకునే శిల్పులు ఇద్దరు ఉండేవారు, అలన్ పెర్రీ, మైకేల్ పెర్రీ అనే కవల సోదరులు. నాటింగ్‌హామ్ బొమ్మల పరిశ్రమలో వారి చెయ్యి పడని యుగం లేదు. 1996లో ఫ్రాన్స్‌లో పాత యుద్ధాన్ని మళ్లీ నటించి చూపే ఒక కార్యక్రమంలో ఫిరంగి ప్రమాదం జరిగి మైకేల్ కుడి చేతిని పోగొట్టుకున్నారు. అప్పటిదాకా ఆ చేత్తోనే శిల్పాలు చేసిన మనిషి, ఎడమ చేత్తో మళ్లీ మొదటినుంచి నేర్చుకుని, మునుపటి నాణ్యతతోనే బొమ్మలు చేశారు. బొమ్మల చేతులకు పిన్నులు వేస్తూ ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దాయన గొంతు మారింది. మైకేల్ చేసిన రౌతు బొమ్మ అతుకు కోసం వస్తే, దానిని ముందు శుభ్రమైన గుడ్డ మీద పెట్టి అప్పుడు పని మొదలుపెట్టేవారు.

2002 చివరలో రాలీ కార్ఖానాలో సైకిళ్ల తయారీ ఆగిపోయింది. ఆ వారం పెద్దాయన క్లబ్బుకు వచ్చారు గాని బరమా తీయలేదు. ఎవరో పాత ఫొటోల ఆల్బం తెస్తే, అందులో తన బల్ల ఏది, తనకు పని నేర్పిన ఫోర్‌మన్ ఎవరు అని చూపిస్తూ కూర్చున్నారు. నేను ఆ ఊరు వదిలి వచ్చేటప్పుడు తన దగ్గరి పిన్ వైస్‌లలో ఒకటి నాకు ఇచ్చారు. దాని మీది నగిషీ గరుకు ఆయన వేళ్లు పడినచోట అరిగి నున్నగా ఉంది. కొన్నాళ్లు ఉత్తరాలు నడిచాయి. ఆయన పోయారన్న వార్త నా పాత రూమ్మేటు ద్వారా తెలిసింది.

ఇక్కడికి వచ్చాక ఆ బరమా ఊరికే ఉండలేదు. మా అమ్మ కొలువు బొమ్మల్లో గోవర్ధనగిరి ఎత్తిన కృష్ణుడు ఒకడున్నాడు, మట్టి బొమ్మ, మా అమ్మమ్మ నాటిది. కొండను మోసే ఎడమ చెయ్యి భుజం దగ్గర విరిగి, ఏటా సంక్రాంతికి ఫెవికాల్‌తో అతికితే ఏటా అటక దిగేటప్పటికి ఊడి ఉండేది. కొండ బరువంతా ఆ చిన్న భుజం మీద మీటవేస్తుంటే ఏ జిగురైనా ఎంతకాలం ఆగుతుంది? కాల్చిన మట్టికి లోహానికి వేసినట్టు పిన్నును బిగుతుగా వేయకూడదు, బీట పడుతుంది. రంధ్రాన్ని తీగకంటే కాస్త వెడల్పుగా చేసి, ఆ ఖాళీని ఆరల్డైట్‌తో నింపాను. భుజంలో రెండు పిన్నులు, అరచేతినుంచి కొండలోకి ఒకటి. మట్టి బిట్ల పదునును లోహంకంటే తొందరగా తినేస్తుందని ఆ పనిలోనే తెలిసింది. అమ్మ మరునాడు చేతిని పట్టి మెల్లగా ఊపి చూసి, “ఇంక ఈయన కొండ దించడురా” అంది. ఆ కృష్ణుడు ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ మెట్ల మీద నిలబడుతున్నాడు.

కొండపల్లి అంబారీ ఏనుగును కూడా అప్పుడు కొత్త కళ్లతో చూశాను. అక్కడి పనివారు కూడా కాళ్లు, చేతులు, తొండం విడివిడిగా చెక్కి అతుకుతారు. కాని తెల్ల పొణికి కర్ర దూదంత తేలిక కాబట్టి బరువు లాగే బాధ లేదు. కర్రకు రంధ్రాలు ఉంటాయి కాబట్టి జిగురు లోపలికి ఇంకుతుంది. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతో అతికి, అదే మక్కుతో సందులు పూడ్చి, కండరాల ఉబ్బును కూడా తీర్చిదిద్దుతారు. అతికే పదార్థంతోనే ఆకారం కూడా దిద్దడం నాకు నాటింగ్‌హామ్‌లో ఆకుపచ్చ పుటీ దగ్గర పరిచయమైన పనే. పెద్దాయనకు ఒక ఉత్తరంలో మక్కు సంగతి రాశాను. ఎలా తయారుచేస్తారో పూర్తిగా రాయమని, వీలైతే చిన్న ముక్క పంపమని జవాబు వచ్చింది, పంపాను కూడా.

బొమ్మల తయారీ ఇప్పుడు చాలా మారింది. ఎక్కువ భాగం గట్టి ప్లాస్టిక్‌లో వస్తున్నాయి. వాటిని అతికే ద్రావకం రెండు ముక్కలనూ కాస్త కరిగించి ఒకటిగా కలిపేస్తుంది కాబట్టి పిన్ను అవసరం పడదు. తీసి మార్చుకునే ఆయుధాలకు చిన్న అయస్కాంతాలు పెడుతున్నారు. ఆ రెండూ మంచి పద్ధతులే. ఊడదీసి పెట్టుకోవలసిన చోట అయస్కాంతమే మేలని నేనూ అంటాను. కాని లోహపు బొమ్మలకూ, రెసిన్ అనే గట్టిపడే ద్రవంతో చేసిన బొమ్మలకూ, సన్నని కాళ్ల మీద బరువంతా నిలిచే గుర్రాలకూ ఇత్తడి తీగను మించినది నాకు కనిపించలేదు.

మా అక్క కొడుకు ఇప్పుడు ఇంట్లోనే త్రీడీ ప్రింటర్‌తో రెసిన్ బొమ్మలు తీస్తున్నాడు. కాకతీయుల నాటి రౌతును ఒకదాన్ని తనే కంప్యూటరులో గీసి ముద్రించాడు. గుర్రం ముందు కాళ్లు రెండూ గాలిలో ఉంటాయి, బరువంతా వెనక కాళ్ల మీదే. “మామయ్యా, రెండుసార్లు విరిగింది, నీ బరమా తీసుకురా” అని ఫోన్ చేశాడు. రెసిన్‌లో బిట్ చాలా తేలికగా దిగుతుంది కాబట్టి తొందరపడితే అవతలికి వచ్చేస్తుందనీ, రజను పీల్చకుండా మాస్కు పెట్టుకుని తడిపి రుద్దాలనీ చెప్పాను. గిట్టనుంచి మోకాలి దాకా తీగ నిలువుగా వెళ్లాలి, కింద కొస పీటలోకి దిగాలి. వాడి దగ్గర ఒక మిల్లీమీటరు బిట్లే ఉన్నాయి, ఆ కాలికి అది లావు. వన్‌టౌన్‌లో కంసాలి పనిముట్లు అమ్మే దుకాణంలో అర మిల్లీమీటరువి దొరుకుతాయి, నాలుగైదు ఎక్కువే తెచ్చి ఉంచమన్నాను. సన్న బిట్లు విరుగుతూనే ఉంటాయి. ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాను.